చికిత్స తర్వాత పీఎస్‌ఏ: రిపోర్టులోని అంకెను ఎలా చదవాలి?

తనకల్లు, కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల సంఘాల్లో అరవై దాటిన పురుషుల కోసం వచ్చే ప్రార్థన మనవుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ అనే మాట కూడా ఉంటోంది. కొందరికి ఆపరేషన్ అయింది. కొందరు కరెంటు పెట్టించుకున్నారు. మరికొందరు నెలకో, మూడు నెలలకో ఇంజెక్షన్ వేయించుకుంటున్నారు. చికిత్స ఏదైనా, చివరికి అందరి చేతికీ వచ్చేది ఒకే రకం కాగితం. దాని మీద పీఎస్‌ఏ అని, పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె తగ్గితే ఇంట్లో పండుగ, కొంచెం పెరిగితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇద్దరు సహోదరులను ఊహించుకుందాం. మొదటి ఆయనకు రెండేళ్ల కిందట ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు పీఎస్‌ఏ 0.6 వచ్చింది. కాగితం మీద 'నాలుగు లోపు నార్మల్' అని ఉంది కాబట్టి అంతా బాగుందనుకుని ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేశాడు. రెండో ఆయన ఏడాదిన్నర కిందట రేడియేషన్ ముగించాడు. పోయినసారి 0.5 ఉన్నది ఈసారి 1.1 అయింది. రోగం తిరగబెట్టిందని ఆయన అన్నం మానేసి కూర్చున్నాడు. నిజానికి ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్లవలసినవాడు మొదటి ఆయన. రెండో ఆయన చేయవలసింది డాక్టరుకు చూపించి, చెప్పిన సమయానికి మళ్లీ పరీక్ష చేయించుకోవడం. అంకెను చూసి, చికిత్సను మరచిపోవడమే ఇద్దరూ చేసిన పొరపాటు. ఈ పొరపాటు మన సంఘాల్లో ఎవరికీ జరగకూడదనే ఈ వారం సంపాదకీయాన్ని ఈ విషయానికి కేటాయిస్తున్నాము.

పీఎస్‌ఏ అంటే ఏమిటి?

ప్రోస్టేట్ పురుషులకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. వీర్యాన్ని పలుచగా ఉంచడానికి అది తయారుచేసే ఒక ప్రోటీన్ పేరే పీఎస్‌ఏ. అందులో కొంచెం రక్తంలోకి కూడా చేరుతుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో అది ఎన్ని నానోగ్రాములు ఉందో రిపోర్టు చెబుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పీఎస్‌ఏను క్యాన్సర్ ఒక్కటే తయారుచేయదు. మామూలు ప్రోస్టేట్ కణాలూ చేస్తాయి, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలూ చేస్తాయి, అవి ఎముకలకు పాకినా చేస్తూనే ఉంటాయి. కాబట్టి అంకెను చూసినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ మనిషి ఒంట్లో పీఎస్‌ఏను తయారుచేయగలిగినది ఇంకా ఏం మిగిలి ఉంది?

అమెరికాలోని బఫెలో నగరంలో ఉన్న రాస్‌వెల్ పార్క్ సంస్థ పరిశోధకులు 1979లో ఈ ప్రోటీన్‌ను ప్రోస్టేట్ కణజాలం నుంచి శుద్ధి చేశారు. అమెరికా ప్రభుత్వం 1986లో ఈ పరీక్షకు మొదట అనుమతి ఇచ్చింది, అప్పటికే రోగం బయటపడినవారిని కనిపెట్టి ఉండడానికే. రోగాన్ని కనుగొనడానికి వాడే అనుమతి 1994లో గాని రాలేదు. అంటే చికిత్స అయినవారిని గమనించడమే ఈ పరీక్షకు దక్కిన మొదటి పని. ఇప్పటికీ అది బాగా చేసే పని అదే.

'నాలుగు లోపు' ఎవరికి?

రిపోర్టులో అంకె పక్కన '0 నుంచి 4 వరకు' అని అచ్చు వేసి ఉంటుంది. అది ప్రోస్టేట్ ఒంట్లోనే ఉండి, క్యాన్సర్‌కు ఏ చికిత్సా జరగని పురుషులకు వేసిన గీత. ల్యాబులోని యంత్రానికి మీకు ఆపరేషన్ అయిందో లేదో తెలియదు. అందరి కాగితం మీదా అదే గీత పడుతుంది. చికిత్స అయినవారు ఆ గీతను పట్టించుకోకూడదు. అంకె ఎర్ర అక్షరాల్లో లేనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

మూడు చికిత్సలు, మూడు లెక్కలు

పొలంలో అక్కరలేని చెట్టును వదిలించుకోవడానికి రైతుకు మూడు దారులున్నాయి. వేళ్లతో సహా పెకలించవచ్చు. మొదట్లో చుట్టూ బెరడు తీసి, నిలబడినచోటే ఎండిపోనివ్వవచ్చు. లేదా నీళ్లు అందకుండా చేయవచ్చు. పెకలించినచోట పచ్చని చిగురు కనబడకూడదు. బెరడు తీసిన చెట్టుకు కొన్నాళ్లు ఆకులు ఉంటాయి, మెల్లగా రాలతాయి. నీళ్లు ఆపిన చెట్టు ఆకులన్నీ రాల్చేసినా వేరు బతికే ఉండవచ్చు. పీఎస్‌ఏను ఆ పచ్చదనం అనుకుంటే, మూడు చికిత్సల లెక్కా తేలికగా అర్థమవుతుంది.

మొదటిది, గ్రంథిని పూర్తిగా తీసేసే ఆపరేషన్. చెట్టే లేదు కాబట్టి పచ్చదనం ఉండకూడదు. అప్పటికే రక్తంలో ఉన్న పీఎస్‌ఏ రెండు మూడు రోజులకోసారి సగమవుతూ పోతుంది. అందుకే మొదటి పరీక్షను సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చేయిస్తారు. అప్పటికి అది యంత్రానికి దొరకనంత తక్కువ కావాలి. రిపోర్టులో '0.1 కన్నా తక్కువ' అని గాని, సున్నితమైన యంత్రమైతే '0.01 కన్నా తక్కువ' అని గాని వస్తుంది. ఈ 'కన్నా తక్కువ' గుర్తు శుభవార్తే. కొలవగలిగినంత దొరకలేదని దాని అర్థం. అలా దొరకని స్థితికి చేరాక పీఎస్‌ఏ 0.2కు చేరి, రెండోసారి చేసినా 0.2 లేదా అంతకన్నా ఎక్కువే వస్తే, రోగం తిరిగి వచ్చినట్టు డాక్టర్లు లెక్కిస్తారు. మొదటి సహోదరుని 0.6 ఎందుకు ఆలస్యం చేయరానిదో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఊళ్లలో 'ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మూత్రం సరిగ్గా రాక బాధపడేవారికి లోపలి నుంచి గ్రంథిని కొంత గీకి దారి చేస్తారు. దానిలో గ్రంథి చాలావరకు ఒంట్లోనే ఉంటుంది. అది క్యాన్సర్‌ను తీసేసే ఆపరేషన్ కాదు. అలా గీకించుకున్నవారి పీఎస్‌ఏ సున్నా దగ్గరికి రాదు, రావాలని ఎదురుచూడకూడదు. మీకు జరిగింది ఏ ఆపరేషనో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. తెలియకపోతే డాక్టరును అడిగి తెలుసుకోండి.

రెండోది, రేడియేషన్. బయటి నుంచి కిరణాలు పంపినా, గ్రంథిలోనే రేడియోధార్మిక గింజలు పెట్టినా, గ్రంథి ఒంట్లోనే ఉంటుంది. చెట్టు నిలబడి ఎండుతోంది. పీఎస్‌ఏ నెలల తరబడి మెల్లగా దిగుతుంది. అట్టడుగుకు చేరడానికి ఏడాదిన్నర, రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. సున్నా కావలసిన పని లేదు. డాక్టర్లు ఆ అట్టడుగు అంకెను గుర్తుపెట్టుకుంటారు. దానికి 2 కలిపితే వచ్చేది హెచ్చరిక గీత. అట్టడుగు 0.5 అయితే గీత 2.5 దగ్గర ఉంటుంది. ఈ మధ్యలో, ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలో, పీఎస్‌ఏ కొంచెం ఎగిరి, తనంతట తానే దిగిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. రెండో సహోదరుని 1.1 అలాంటి ఎగురుడు కావచ్చు. కాదో అవునో చెప్పేది తరువాతి పరీక్ష మాత్రమే. రేడియేషన్‌తో పాటు ఇంజెక్షన్లు కూడా తీసుకున్నవారికి, ఇంజెక్షన్లు ఆపాక హార్మోను తిరిగి వచ్చేకొద్దీ పీఎస్‌ఏ కొంత పెరగడం కూడా ఉంటుంది.

మూడోది, హార్మోను చికిత్స. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను నీళ్లలాంటిది. ఆ సంబంధాన్ని 1941లో చూపించిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లయినా, వృషణాలను తీసే ఆపరేషన్ అయినా చేసేది ఆ నీళ్లను ఆపడమే. దీనితో 300 ఉన్న పీఎస్‌ఏ కూడా కొన్ని నెలల్లో ఒకటికి దిగిపోవచ్చు. సంతోషించవలసిన మార్పే. కానీ రోగం వేరుతో సహా పోయిందని దాని అర్థం కాదు. ఇంజెక్షన్ మానేస్తే నీళ్లు తిరిగి పారతాయి. పీఎస్‌ఏ బాగా దిగింది కదా అని ఖర్చుకు భయపడి ఇంజెక్షన్‌ను సొంతంగా ఆపేయడం ఈ చికిత్సలో ప్రమాదకరమైన పొరపాటు. కొన్నాళ్లకు ఇంజెక్షన్ వేస్తుండగానే పీఎస్‌ఏ పెరగడం మొదలైతే, డాక్టర్లు టెస్టోస్టిరాన్ కూడా చూస్తారు. అది అడుగున ఉండగానే పీఎస్‌ఏ పెరుగుతుంటే మందు మార్చవలసి రావచ్చు. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ వంటి మాత్రలు ఇప్పుడు ఉన్నాయి. దారి మూసుకుపోయినట్టు కాదు.

ఒక్క వాన కాదు, కారంతా చూడాలి

మన మెట్ట ప్రాంతపు రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. జూన్‌లో పడిన ఒక్క వానను చూసి వేరుశనగ పంట చేతికొచ్చిందని ఎవరూ అనరు. పది రోజులు మబ్బు తేలిపోతే కరువని ముద్ర వేయరు. వాన ఎప్పుడు పడింది, ఎన్నిసార్లు పడింది, మధ్య ఎంత విరామం వచ్చింది అని చూస్తారు. పీఎస్‌ఏ కూడా అంతే. ఒక అంకె ఏమీ చెప్పదు. తేదీలతో రాసిన అంకెల వరుస మాట్లాడుతుంది.

ఆ వరుసలో డాక్టర్లు ముఖ్యంగా చూసేది, పెరుగుదల రెట్టింపు కావడానికి ఎంతకాలం పట్టిందని. ఆపరేషన్ అయిన ఒకరికి 0.2 ఉన్నది ఏడాది తర్వాత 0.25 అయింది. మరొకరికి అదే 0.2 ఆరు నెలల్లో 0.4, మరో ఆరు నెలల్లో 0.8 అయింది. ఇద్దరి అంకెలూ చిన్నవే. కానీ రెండో మనిషి రోగం పరుగెడుతోంది. ఏడాదిలోపే రెట్టింపు అవుతుంటే డాక్టర్లు దాన్ని తేలికగా తీసుకోరు. పెరుగుదల నెమ్మదిగా ఉన్న పెద్ద వయసువారికి కొన్నిసార్లు కనిపెట్టి చూడడమే సరైన చికిత్స అవుతుంది.

బైబిలు చదివే మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. లేవీయకాండము 13వ అధ్యాయంలో చర్మం మీద మచ్చ ఉన్నవాడు యాజకుని దగ్గరికి వస్తే, సందేహంగా ఉన్నప్పుడు యాజకుడు మొదటి చూపుతోనే తీర్పు చెప్పడు. ఏడు దినాలు ఆగి మళ్లీ చూస్తాడు. మచ్చ వ్యాపించిందా, అలాగే ఉందా అని పోల్చుతాడు. అవసరమైతే ఇంకో ఏడు దినాలు ఆగుతాడు. ప్రభువు బాగుచేసిన కుష్ఠరోగిని కూడా వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మనే పంపాడు. స్వస్థత పొందినవాడు పరీక్షకు వెళ్లడం అవిశ్వాసం కాదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఆధారం మాకు అక్కరలేదు.

రక్తం ఇచ్చేముందు

అంకెల వరుస నమ్మదగినదిగా ఉండాలంటే కొన్ని చిన్న జాగ్రత్తలు చాలు.

సాధ్యమైనంత వరకు ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. రెండు ల్యాబుల యంత్రాలు వేరైతే ఒకే రక్తానికి కొంచెం వేర్వేరు అంకెలు రావచ్చు. చిన్న ఊళ్లలో రక్తం తీసుకుని, పరీక్షకు పెద్ద నగరానికి పంపే ల్యాబులూ ఉంటాయి. పరీక్ష ఎక్కడ జరుగుతుందో అడిగి రాసుకోండి.

పరగడుపున ఉండవలసిన అవసరం లేదు. గ్రంథి ఒంట్లో ఉన్నవారికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఇటీవల మూత్రపు గొట్టం వేసినా పీఎస్‌ఏ పెరుగుతుంది. మంట, జ్వరం ఉంటే ముందు డాక్టరుకు చెప్పండి. పరీక్షకు ముందు రెండు రోజులు దాంపత్య కలయికకు, దూరపు సైకిలు ప్రయాణానికి దూరంగా ఉండమంటారు.

వాడే మందులన్నీ చెప్పండి. మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు గ్రంథి ఉన్నవారిలో పీఎస్‌ఏను సుమారు సగానికి తగ్గిస్తాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని యంత్రాల లెక్కను తప్పిస్తాయి. నాటు మందు, ఆకు పసరు వాడుతుంటే అదీ దాచకండి.

పరీక్ష ఎప్పుడెప్పుడు అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. సాధారణంగా ఆపరేషన్ గాని రేడియేషన్ గాని అయ్యాక మొదటి ఐదేళ్లు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, తరువాత ఏటా ఒకసారి చేయిస్తారు. హార్మోను చికిత్సలో ఉన్నవారికి ఇంకా తరచుగా ఉంటుంది.

పీఎస్‌ఏ ఎంత ఉన్నా సరే, వెన్నులో తగ్గని నొప్పి, కాళ్లలో బలహీనత లేదా తిమ్మిరి, మూత్రం హఠాత్తుగా ఆగిపోవడం, మలమూత్రాలు పట్టు తప్పడం కనిపిస్తే తరువాతి పరీక్ష తేదీ కోసం ఆగకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. వెన్నుపూసలో పెరిగిన గడ్డ నరాలను నొక్కుతుంటే, గంటలు గడిచేకొద్దీ నడక పోయే ప్రమాదం ఉంది.

పెరిగిందని తేలితే

ముందుగా పరీక్షను మళ్లీ చేయిస్తారు. పెరుగుదల నిజమేనని తేలితే ఎక్కడ ఉందో వెదకడానికి స్కానింగులు ఉంటాయి. ప్రోస్టేట్ కణాలను వెదికి పట్టే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లో దొరుకుతోంది. పీఎస్‌ఏ మరీ తక్కువగా ఉంటే అదీ ఏమీ చూపించకపోవచ్చు.

ఆపరేషన్ అయినవారిలో పీఎస్‌ఏ పెరిగితే, గ్రంథి ఉన్న చోటికి రేడియేషన్ ఇచ్చి రోగాన్ని మళ్లీ పూర్తిగా అదుపులోకి తెచ్చే అవకాశం చాలామందికి ఉంటుంది. ఆ రేడియేషన్ పీఎస్‌ఏ తక్కువగా, 0.5 దాటకముందు మొదలైతే బాగా పనిచేస్తుంది. 'నాలుగు లోపు నార్మల్' అనుకుని ఆగినవారు పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే. కొన్ని నెలల ఆలస్యం ఒక మనిషి జీవితంలో ఎన్నో ఏళ్లు కావచ్చు.

మన ప్రాంతం నుంచి వైద్యం కోసం కొందరు బెంగళూరు కిద్వాయి ఆస్పత్రికి, కొందరు తిరుపతికి, కొందరు వెల్లూరు సీఎంసీకి వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా పాత కాగితాలు లేకుండా వెళ్తే డాక్టరు చేతులు కట్టేసినట్టే. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ లేదా రేడియేషన్ వివరాలు, ఇంజెక్షన్ల తేదీలు, పీఎస్‌ఏ రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. మొదటి పేజీలో తేదీ, అంకె, ల్యాబు పేరు అని మూడు గీతలు గీసి వరుసగా రాయండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్సకు ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో ముందే అడగండి.

సంఘం చేయవలసింది

ఈ రోగం మన పురుషులు నోరు విప్పి చెప్పుకునేది కాదు. మూత్రం కారడం, దాంపత్య జీవితం దెబ్బతినడం, హార్మోను ఇంజెక్షన్ల వల్ల ఒళ్లంతా వేడి ఆవిర్లు, నీరసం, మనసు కుంగడం, ఎముకలు పలచబడడం: ఇవన్నీ లోలోపల మింగుతారు. ఇంట్లో అమ్మ ఒక్కతే చూస్తుంది, ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదు. పరీక్ష దగ్గరపడితే ఇద్దరికీ నిద్ర పట్టదు.

కాబట్టి సంఘకాపరులకు, పెద్దలకు మా మనవి ఇది. ఎవరి అంకెనూ వారి అనుమతి లేకుండా పీఠం మీద చెప్పకండి. పీఎస్‌ఏ దిగినప్పుడు స్తుతి చెల్లించండి, సాక్ష్యం చెప్పించండి, అయితే తరువాతి పరీక్షకు వెళ్లమని, ఇంజెక్షన్ మానవద్దని అదే నోటితో చెప్పండి. పెరిగినప్పుడు విశ్వాసం తగ్గిందనే మాట రానివ్వకండి. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూకు 1997లో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందని తేలింది. ఆయన దాన్ని దాచలేదు, చికిత్సలు పొందుతూనే పరిచర్య చేశాడు. 2021 డిసెంబరులో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. రోగం ఆయన విశ్వాసానికి కొలబద్ద కాలేదు, మన సహోదరునికి కూడా కాకూడదు.

ప్రార్థనతో పాటు చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. పరీక్ష తేదీని గుర్తు చేయవచ్చు. బస్సు చార్జీలో భాగం పంచుకోవచ్చు. చదువుకున్న యువకుడొకరు వెంట వెళ్లి డాక్టరు చెప్పింది రాసుకురావచ్చు, కాగితాలన్నీ ఫోనులో ఫొటోలు తీసి ఉంచవచ్చు. హిజ్కియా రాజు రోగిగా పడి ఉన్నప్పుడు దేవుడు ప్రార్థనా విన్నాడు, యెషయా అంజూరపు ముద్ద కూడా పెట్టించాడు. ఒకదాని కోసం మరొకటి మానుకోవాలని ఆ కథలో ఎక్కడా లేదు.

ఈ వారం మీ సంఘంలో ఈ చికిత్స పొందిన సహోదరుడు ఉంటే ఆయన్ను మూడు ప్రశ్నలు అడగండి. మీకు జరిగిన చికిత్స ఏది? చికిత్స తర్వాత మీ పీఎస్‌ఏ అంకెలు వరుసగా ఎంతెంత? తరువాతి పరీక్ష ఎప్పుడు? మూడింటికీ జవాబు ఉంటే ఆయనతో కలిసి దేవునికి వందనాలు చెప్పండి. ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, సోమవారం ఆ ఫైలు పట్టుకుని ఆయనతో పాటు డాక్టరు దగ్గరికి బయలుదేరండి.